సౌర విద్యుత్తు నిలవ – బ్యాటరీ ఎంపికలో పెన్షనరు లెక్క

(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా తిరుపతిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఈ తేదీనే సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను ప్రభుత్వం వారి దయాదాక్షిణ్యం కాదు, మన హక్కు అన్నది. అందుచేత ఏటా ఈ రోజున మనం కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు, వీటిని గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు, "మీరు ఇంటిమీద సోలారు పెట్టుకున్నారు గదా, బ్యాటరీ సంగతేమిటో నలుగురికీ చెప్పండి" అని నన్ను పురమాయించారు. నేను ఇంజనీరును కాను. 1973లో గుమాస్తాగా చేరి, 2009లో రిటైరయ్యే వరకు 36 సంవత్సరాలు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఫైళ్ళు తిప్పినవాడిని. బిల్లు వస్తే మొత్తం చూసి సంతకానికి పెట్టకుండా, పై నుంచి కిందికి ప్రతి అంకెనూ కూడి చూడటం ఒక్కటే నాకు తెలిసిన విద్య. ఆ విద్యతోనే ఈ విషయాన్నీ చూశాను.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకం ప్రారంభించింది. అప్పటి నుంచి మనలో చాలామందికి రోజూ ఫోన్లు వస్తున్నాయి. సబ్సిడీ వివరం మీకు తెలిసే ఉంటుంది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000. అంతా కలిపి 78,000 రూపాయలకు మించదు. 2025లో మన చంద్రగిరి మండలం నారావారిపల్లెలో ఇళ్ళ మీద ఫలకాలు బిగించడం చూసి వచ్చినవారు కూడా ఈ సభలో ఉన్నారు. ఎండ బాగా కాసే రోజున 3 కిలోవాట్ల ఫలకాలు 12 యూనిట్ల వరకు ఇస్తాయి. పగలు మనం వాడుకోగా మిగిలింది నెట్ మీటరు ద్వారా లైనులోకి పోతుంది, బిల్లులో జమ పడుతుంది. ఇంతవరకు సంతోషమే. ఫోను చేసే అబ్బాయి ఇక్కడిదాకా చెప్పి ఆపుతాడు. ఆపై మాట మనమే అడగాలి: "నాయనా, కరెంటు పోయినప్పుడు నా ఫలకాలు పని చేస్తాయా?"

చేయవు. మిట్ట మధ్యాహ్నం నడినెత్తిన సూర్యుడున్నా సరే, లైనులో కరెంటు పోతే మామూలు నెట్ మీటరు సిస్టం కూడా ఆగిపోతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. లైను మీద పని చేయడానికి స్తంభం ఎక్కిన లైన్‌మాన్, సబ్‌స్టేషనులో సరఫరా ఆపారన్న ధైర్యంతో తీగ పట్టుకుంటాడు. ఆ సమయంలో మీ మిద్దె మీది నుంచి కరెంటు లైనులోకి వెళితే ఆ మనిషి గతి ఏమిటి? అందుకని లైను చచ్చిన క్షణమే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవాలన్నది నిబంధన. కరెంటు పోయినా ఇల్లు వెలగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, దానికి బ్యాటరీ కావాలి. ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ ఫలకాలకే గాని బ్యాటరీకి కాదు. బ్యాటరీ ఖర్చు పూర్తిగా మనదే. మరి గ్రాట్యుటీ డబ్బుల్లో మిగిలినదో, కమ్యుటేషన్ సొమ్మో తీసి పెట్టేవాళ్ళం గనుక, ఒక్కటి తప్పు కొంటే మళ్ళీ సంపాదించి కొనే వయసు మనది కాదు.

నాకు ఈ విషయం మీద పట్టింపు ఎందుకు కలిగిందో చెబుతాను. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతిని ముంచిన వాన మీకందరికీ జ్ఞాపకమే. కొండ మీది నుంచి నీళ్ళు మెట్ల దారిలో జలపాతంలాగా దూకాయి. తరువాత రెండు రోజులకు రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించారు. మా ఇంటావిడ ఆ సంవత్సరం కరోనా బారి నుంచి బయట పడింది గాని ఊపిరితిత్తులు పూర్తిగా కోలుకోలేదు. రాత్రిళ్ళు ఆక్సిజన్ కాన్సంట్రేటరు పెట్టుకోవలసి వచ్చేది. ఆ యంత్రానికి 350 వాట్లు కావాలి. మా ఇంట్లో ఇన్వర్టరుకు 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఒకటి ఉండేది, కొని మూడేళ్ళయింది. రాత్రి పదిన్నరకు కరెంటు పోయింది. ఫ్యాన్లు, దీపాలు అన్నీ ఆర్పేసి ఆ యంత్రాన్ని మాత్రం నడిపించాము. పన్నెండుముక్కాలుకు ఇన్వర్టరు కూత పెట్టడం మొదలుపెట్టింది. రెండుంబావు గంటలు. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. పక్కింటి కుర్రవాడు, "గాబరా పడబాక తాతా, నేను తెస్తా గదా" అని నీళ్ళలో దిగిపోయి, ఇంకొక వీధిలో ఉన్న మిత్రుల ఇంటి నుంచి సిలిండరు భుజాన వేసుకుని వచ్చాడు. ఆమె ఇప్పుడు ఆ యంత్రం అవసరం లేకుండానే ఉంది, ఇదుగో ముందు వరుసలో కూర్చుని నేనేం చెబుతానోనని చూస్తున్నది. కానీ ఆ కూత నా చెవుల్లో నుంచి పోలేదు. ఆ వారంలోనే నోటు పుస్తకం ఒకటి కొని, బ్యాటరీని గురించి తెలుసుకున్నదంతా అందులో వ్రాయడం మొదలుపెట్టాను.

మన పల్లెల్లో బ్యాటరీ అంటే చేతి టార్చిలైటే. "చీకట్లో పోతా ఉండావు, బ్యాటరీ తీసుకుపో" అనే మాట మనం పుట్టినప్పటి నుంచి విన్నదే. ఇంటికి కొనే బ్యాటరీ మీద మాత్రం ఆంపియర్ అవర్ అని వ్రాసి ఉంటుంది. అదేమిటో అర్థం కాక చాలామంది అంగడివాడు చెప్పిన మాట వింటారు. లెక్క చాలా సులభం. ఆంపియర్ అవర్లను వోల్టులతో గుణించి వెయ్యితో భాగించండి. మనకు అలవాటైన కరెంటు యూనిట్లు వస్తాయి. 150 ఇంటు 12 అంటే 1,800. అంటే 1.8 యూనిట్లు. నలుగురు మనుషులు మోయలేక మోసి తెచ్చిన ఆ పెట్టెలో ఉన్నది రెండు యూనిట్లు కూడా కాదు! కరెంటు బిల్లులో రెండు యూనిట్లు అంటే ఎంత? 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి మెట్టులో యూనిట్‌కు 1.90 రూపాయలు, 400 యూనిట్లు దాటిన పై మెట్టులో 9.75. ఎంత పై మెట్టు వేసుకున్నా 20 రూపాయల లోపు సరుకు అది.

ఇంకొక కిటుకు కూడా ఉంది. బ్యాటరీ మీద సి10 అనో, సి20 అనో వ్రాసి ఉంటుంది. సి20 అంటే ఇరవై గంటలపాటు మెల్లగా తీసుకుంటే ఆ 150 వస్తుందని అర్థం. సి10 అంటే పది గంటల్లో తీసుకున్నా 150 వస్తుంది. సీసపు బ్యాటరీ స్వభావం ఏమిటంటే, తొందరపెట్టి తీస్తే తక్కువ ఇస్తుంది. పాత రోజుల్లో మా ఆఫీసులో ఒక సూపరింటెండెంటు గారు ఉండేవారు, నిదానంగా అడిగితే పది ఫైళ్ళు చూసేవారు, తొందర పెడితే రెండు కూడా కదిలేవి కావు. అదే తీరు. సోలారుకు సి10 బ్యాటరీ అడిగి తీసుకోవాలి. సౌర విద్యుత్తుకు వాడే బ్యాటరీలకు ఐ.ఎస్. 16270 అనే భారతీయ ప్రమాణం వేరుగా ఉంది. మామూలు ఇన్వర్టరు బ్యాటరీని తెచ్చి "సోలారుకూ పని చేస్తుంది సార్" అంటే ఆ అంకె ఎక్కడుందో చూపించమని అడగండి.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు ప్లాంటే కనిపెట్టాడు. 160 ఏళ్ళు దాటినా మూలసూత్రం మారలేదు: సీసపు రేకులు, గంధకామ్లం, నీళ్ళు. దీన్ని గురించి మనకు మరీ దూరం పోనక్కరలేదు. ఇక్కడికి దగ్గరలోనే, కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతున్నాయి. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగి వచ్చిన మన జిల్లావాసి గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో అమరరాజా సంస్థను స్థాపించారు. ఎండలకు, కరువుకు పేరుపడిన ఈ నేలమీద ఎన్ని వేల కుటుంబాలు ఆ బ్యాటరీల మీద బ్రతుకుతున్నాయో మీకు తెలుసు, మీ పిల్లల్లోనూ అక్కడ పనిచేసినవారు ఉన్నారు. ఆ సంస్థే 2023 మే నెలలో తెలంగాణలోని మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి శంకుస్థాపన చేయించింది. సీసంతో పెరిగినవారే లిథియం వైపు నడుస్తున్నారంటే గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తుంది. నేను ఏ కంపెనీ సరుకు కొనమనీ చెప్పడం లేదు, ఆ మాట ముందే మనవి చేస్తున్నాను.

సీసపు బ్యాటరీకి మూడు ఇబ్బందులున్నాయి. మొదటిది, ఉన్నదంతా తీయకూడదు. సగం దాకా వాడి మళ్ళీ నింపుకుంటేనే ఎక్కువ కాలం వస్తుంది. పూర్తిగా ఎండగొట్టి అలాగే వదిలేస్తే రేకులమీద తెల్లని పొర గట్టిపడి మళ్ళీ కోలుకోదు. వేసవి సెలవులకు మనవళ్ళ దగ్గరకు బెంగుళూరో హైదరాబాదో పోయి రెండు నెలలు ఇల్లు తాళం వేసేవారికి ఇది బాగా అనుభవం. రెండవది, నీళ్ళు. రెండు మూడు నెలలకొకసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటరు పోయాలి. మన కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు పోస్తే అందులోని ఉప్పు రేకులను తినేస్తుంది. నింపేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది గనుక గాలి ఆడే చోట ఉంచాలి. దేవుడి గదిలో, దీపం పక్కన పనికిరాదు. మూడవది, వేడి. ఇది మన జిల్లాకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. బ్యాటరీ ఆయుష్షును కంపెనీలు 25 డిగ్రీల వద్ద లెక్క కడతాయి. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. మేనెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మిద్దె మీద రేకుల షెడ్డులో పెట్టిన బ్యాటరీ, మెట్ల కింద నీడలో పెట్టిన బ్యాటరీ ఒకే రోజు కొన్నా ఒకే రోజు చావవు. మదనపల్లె, పలమనేరు వాళ్ళు ఈ విషయంలో మనకన్నా పుణ్యాత్ములు.

ఈ సందర్భంలో ఇంకొక మాట. ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ వస్తుందనుకుంటారు. ఫలకానికి కావలసింది వెలుతురు, వేడి కాదు. ఫలకం వేడెక్కే కొద్దీ దాని ఉత్పత్తి తగ్గుతుంది. రోహిణి కార్తెలో వచ్చే దానికన్నా, వెలుతురు బాగా ఉండి గాలి చల్లగా వీచే ఫిబ్రవరి మధ్యాహ్నం ఫలకం హుషారుగా పనిచేస్తుంది.

లిథియం సంగతికి వస్తాను. దీని చరిత్ర మన సంఘానికి బాగా నచ్చుతుంది. జాన్ గుడినఫ్ అనే శాస్త్రవేత్త ఆక్స్‌ఫర్డులో పనిచేస్తూ 1980లో లిథియం బ్యాటరీకి ఆధారమైన పదార్థాన్ని కనిపెట్టాడు. అక్కడ రిటైర్‌మెంట్ వయసు దగ్గర పడేసరికి, ఇంట్లో కూర్చోవడం ఇష్టం లేక 1986లో 64వ ఏట అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. మన ఇళ్ళకు ఇప్పుడు అమ్ముతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే రకం ఆయన బృందం 1990 దశకంలో, ఆయనకు 70 ఏళ్ళు దాటిన తరువాత కనిపెట్టినదే. ఆ పనిలో అక్షయ పాఢి అనే భారతీయ పరిశోధకుని పాత్ర ముఖ్యమైనది. లిథియం అయాన్ బ్యాటరీలకు గాను గుడినఫ్‌కు 2019లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 97. అంత వయసులో ఆ బహుమతి అందుకున్నవారు అంతవరకు లేరు. 2023లో నూరేళ్ళు నిండి పరమపదించారు. మనకు 70 దాటితే అదనపు పెన్షను ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం తెలుసు గాని, ఆ వయసులో కొత్త బ్యాటరీ కనిపెట్టవచ్చని ఎవరనుకున్నారు!

ఈ ఐరన్ ఫాస్ఫేట్ రకం, మన పిల్లలు సెల్‌ఫోన్లలో వాడే రకం, రెండూ లిథియమే అయినా గుణంలో తేడా ఉంది. 2022 వేసవిలో కరెంటు స్కూటర్లు కాలిపోయిన వార్తలు చదివి మన ఇళ్ళలో ఆడవాళ్ళు లిథియం అంటేనే భయపడుతున్నారు. భయపడటంలో తప్పు లేదు. నికెల్, కోబాల్టు కలిసిన రకం కన్నా ఐరన్ ఫాస్ఫేట్ వేడిని బాగా తట్టుకుంటుంది, అంత సులభంగా అంటుకోదు. అసలు అంటుకోనే అంటుకోదని మాత్రం ఎవరైనా అంటే నమ్మవద్దు. దాని లోపల బి.ఎం.ఎస్. అనే ఒక పహరా సర్క్యూటు ఉంటుంది. ఎక్కువ నిండకుండా, మరీ ఖాళీ కాకుండా, వేడెక్కకుండా చూసేది అదే. అది నాసిరకమైతే లోపలి సరుకు ఎంత మంచిదైనా లాభం లేదు. విడి సెల్లులు తెచ్చి పెట్టెలో బిగించి సగం ధరకిస్తానన్నవాడికి దూరం నుంచే నమస్కారం పెట్టండి.

లిథియంలో 80 నుంచి 90 శాతం దాకా వాడుకోవచ్చు. వేల సార్లు నింపి ఖాళీ చేయవచ్చు. నీళ్ళు పోయనక్కరలేదు. నింపిన దానిలో 95 శాతం దాకా తిరిగి ఇస్తుంది, సీసం ఇచ్చేది ఎనభై ప్రాంతం. బరువులో సీసంతో పోలిక లేదు. కేరళలో వైక్కం దగ్గర 2017 జనవరి నుంచి ఆదిత్య అనే సౌరశక్తి పడవ తిరుగుతున్నది, 75 మంది ఎక్కుతారు. దాన్ని నడిపించేవి లిథియం బ్యాటరీలే. నీటిమీద తేలవలసిన దానికి టన్నులకొద్దీ సీసం కడితే మనుషులు ఎక్కేదెక్కడ? మన మిద్దెలకు ఆ బెడద లేదు గాని, నాలుగు పెద్ద సీసపు బ్యాటరీలు కలిపి పావు టన్ను పైమాటే. వాటిని మేడమీదికి మోయించడం, నాలుగైదేళ్ళకు దించడం ఎవరి చేత అవుతుంది?

ఇక ఎంత పెద్దది కొనాలి? ఇక్కడే నా నోటు పుస్తకం అక్కరకు వచ్చింది. అంగడికి పోకముందే ఒక తెల్లకాగితం మీద, రాత్రి కరెంటు పోతే ఏమేమి నడవాలో వ్రాయండి. ఇంట్లో ఉన్నవన్నీ కాదు, నడిచి తీరవలసినవి. మా ఇంట్లో రెండు ఫ్యాన్లు 8 గంటలు. పాత ఫ్యాను 75 వాట్లు. రెండూ కలిపి 8 గంటలకు 1.2 యూనిట్లు. అదే కొత్తగా వస్తున్న బి.ఎల్.డి.సి. ఫ్యాన్లయితే ఒక్కొక్కటి 30 వాట్లే. 8 గంటలకు రెండూ కలిపి అర యూనిట్ కూడా కాదు. అందుకే నేను అందరికీ మొదట చెప్పేది, బ్యాటరీ పెద్దది కొనకముందు ఫ్యాన్లు మార్చండి. ఈ మాట ఏ బ్యాటరీ అంగడివాడూ చెప్పడు. మూడు ఎల్.ఇ.డి. దీపాలు 4 గంటలకు యూనిట్‌లో పదో వంతు. నాకు ఇన్సులిన్ ఉంది గనుక ఫ్రిజ్ తప్పదు. రాత్రికి దానికి సుమారు 0.4 యూనిట్. మొత్తం ఒక యూనిట్. అంతే.

అదే ఆక్సిజన్ యంత్రం కూడా రాత్రంతా నడవాలంటే 350 వాట్లు 8 గంటలు, ఇంకొక 2.8 యూనిట్లు. మొత్తం 3.8. చూశారా, ఒక్క యంత్రంతో లెక్క దాదాపు నాలుగింతలయింది. 3.8 యూనిట్లకు లిథియం అయితే 5 యూనిట్ల పెట్టె ఒకటి సరిపోతుంది, గోడకు తగిలించవచ్చు. సీసం అయితే సగమే వాడాలి, తరుగు కూడా పోవాలి గనుక 9 యూనిట్లు కావాలి. 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు నాలుగు.

డబ్బు లెక్క. ధరలు ఊరికొకటి, నెలకొకటి. కాబట్టి నేను చెప్పే అంకెలను పద్ధతి కోసమే తీసుకోండి, మీ అంగడి ధర వేసుకుని మళ్ళీ కట్టుకోండి. 150 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ 16,000 రూపాయలనుకుందాం. ఒక్కసారికి 0.9 యూనిట్ వాడుకుంటాం. 1,200 సార్లు వచ్చిందంటే 1,080 యూనిట్లు. యూనిట్‌కు దాదాపు 15 రూపాయలు. 5 యూనిట్ల లిథియం లక్ష రూపాయలనుకుందాం. ఒక్కసారికి 4.25 యూనిట్లు, 4,000 సార్లు, అంటే 17,000 యూనిట్లు. యూనిట్‌కు 6 రూపాయల లోపే. ఈ లెక్క చూపించి లిథియం సగం ధరేనని చెబుతారు. కూడిక సరిగానే ఉంది. కానీ పై అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. 4,000 సార్లు రావాలంటే రోజూ రాత్రి పూర్తిగా వాడాలి, పదకొండేళ్ళపాటు. నెట్ మీటరు ఉన్నవాడికి రోజూ బ్యాటరీ ఎందుకు? లైనే వాడి బ్యాటరీ. కరెంటు పోయినప్పుడే వాడతాడు. ఏడాదికి 100 సార్లు అనుకుందాం, ఒక్కొక్కసారి 0.9 యూనిటే. వాడినా వాడకపోయినా బ్యాటరీకి వయసు మీద పడుతూనే ఉంటుంది, మనకు మల్లే. లిథియం 12 ఏళ్ళు బ్రతికితే 1,080 యూనిట్లు, యూనిట్ 92 రూపాయలు! సీసం 5 ఏళ్ళు బ్రతికితే 450 యూనిట్లు, యూనిట్ 35 రూపాయలు. లెక్క తలక్రిందులయింది.

కాబట్టి టౌనులో ఉండి, నెట్ మీటరు ఉండి, రాత్రికి ఒక యూనిట్ చాలిన దంపతులకు నా అభిప్రాయంలో 5 యూనిట్ల లిథియం దండగ. మంచి సి10 ట్యూబులర్ ఒకటో, నీళ్ళు పోసే ఓపిక లేకపోతే ఒకటిన్నర రెండు యూనిట్ల చిన్న లిథియమో చాలు. ఇంట్లో ఊపిరితో ముడిపడిన యంత్రం ఉంటే మాత్రం రూపాయికి యూనిట్ లెక్క కట్టవద్దు. లిథియమే తీసుకోండి, దానితోపాటు సిలిండరు ఒకటి కూడా ఇంట్లో ఉంచుకోండి. మారుమూల పల్లెలో, తోట ఇంట్లో, లైను సరిగా లేక రోజూ రాత్రి బ్యాటరీ మీదే నడిచేవారికి మొదటి లెక్కే వర్తిస్తుంది, వారికి లిథియం నిజంగానే చవక.

పగటి పని పగలే చేసుకోవడం అన్నింటికన్నా చవక. తిరుమలలో నిత్యాన్నదానం వంటకు 2002లో 106 అద్దాల డిష్‌లతో సౌర ఆవిరి ఏర్పాటు చేశారు. ఎండతోనే ఆవిరి, ఆ ఆవిరితో వంట. అందులో బ్యాటరీ ఊసే లేదు. మనం కూడా నీళ్ళ మోటారు, గ్రైండరు, వాషింగ్ మెషీను పదకొండు, రెండు గంటల మధ్య వేసుకుంటే రాత్రికి దాచవలసింది తగ్గుతుంది. మా కోడలికి ఈ మాట చెబితే, "మామయ్యా, నేను ఆఫీసుకు పోయేది తొమ్మిదికి" అన్నది. అదీ నిజమే. అందుకే ఇప్పుడు మా ఇంట్లో మోటారు వేసేది, రుబ్బేది నేనే.

ఇక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. నన్ను చాలామంది అడిగారు. "నీకు డెబ్బై నాలుగు. పదేళ్ళ వారంటీ బ్యాటరీ నీకెందుకయ్యా? ఎవరి వారంటీ ముందు అయిపోతుందో!" నేను నవ్వి ఊరుకున్నాను గాని దాన్ని కూడా లెక్క వేశాను. నేను తీసుకున్నది 5 యూనిట్ల లిథియమే. నాలుగేళ్ళకు నా చేత సీసపు బ్యాటరీలు మార్పించే పని కాదు. నేను లేకపోయినా ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మూతలు తీసి నీళ్ళు పోసే అవసరం, అంగడివాడితో బేరమాడే అవసరం రాకూడదు. ఆ యంత్రం మళ్ళీ అవసరపడదని డాక్టరు గారు చెప్పారు, కానీ వ్రాసి సంతకం పెట్టి ఇవ్వలేదు గదా.

కొనేటప్పుడు నాలుగు మాటలు. వారంటీ కాగితంలో "ప్రొ-రేటా" అనే పదం ఉందేమో చూడండి. 24 ప్లస్ 24 నెలలు అన్నప్పుడు, చాలా కంపెనీల్లో మొదటి 24 నెలలే పూర్తి బదులు, తరువాతిది కొత్త బ్యాటరీ మీద కొంత తగ్గింపు మాత్రమే. బిల్లు మీద సీరియల్ నంబరు వ్రాయించుకోండి, అది బ్యాటరీ మీది నంబరుతో సరిపోయిందో మీ కళ్ళతో చూడండి. చత్వారం ఉంటే మనవడిని చూడమనండి. పాత ఇన్వర్టరుకు లిథియం తగిలించే ముందు, దానిలో లిథియం సెట్టింగు ఉందో లేదో అడగండి. సీసానికీ దీనికీ నింపే వోల్టేజీ వేరు. పాతదీ కొత్తదీ, సీసమూ లిథియమూ ఒకే తీగకు కట్టవద్దు. తిరుపతిలో ఉన్నవారికి కోతుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఫలకాల కింద వైర్లు గొట్టంలో పోయేలా చేయించండి. ఫలకాలు తుడవడానికి మాత్రం మన వయసువాళ్ళు నిచ్చెన ఎక్కవద్దు. వంద రూపాయలిచ్చి కుర్రవాణ్ణి పిలవండి. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చుకు మెడికల్ రీయింబర్స్‌మెంటు ఎంత కాలానికి వస్తుందో ఈ సభలో నేను చెప్పనక్కరలేదు.

పాత బ్యాటరీని పాత ఇనుప సామాన్ల బండికి వేయకండి. కొంతమంది దాన్ని బజారులోనే పగలగొట్టి, ఆమ్లం కాలువలో పోసి సీసం కరిగిస్తారు. సీసం పొగ, దుమ్ము పిల్లల మెదడుకు విషం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనేటప్పుడు పాతదానికి ధర కట్టి బిల్లులో తగ్గించమని అడగండి, ఇస్తారు.

ఆఖరుగా ఒక చిన్న పని. ఇన్వర్టరు పక్క గోడకు మా ఇంట్లో ఒక అట్టముక్క అంటించాను. కరెంటు పోతే మొదట ఏ స్విచ్చి ఆపాలి, కూత వినిపిస్తే ఏం చేయాలి, మెకానిక్ ఫోను నంబరు, వారంటీ కాగితం ఏ బీరువాలో ఏ అరలో ఉంది, ఇవన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాసి పెట్టాను. ఆ అట్ట నకళ్ళు ముప్పై తెచ్చి కార్యదర్శి గారి బల్ల మీద ఉంచాను. నంబర్ల దగ్గర ఖాళీ వదిలాను, మీవి మీరు నింపుకోవచ్చు. చాలకపోతే జెరాక్సు తీయించుకోండి.